చిల్డ్రన్స్ సెంటర్ మూసివేత ప్రతిపాదన: మా కౌన్సిలర్ నిజంగా ఏం చేయగలరు?

ప్రశ్న: తొలకరి

ఇంగ్లండ్‌లో ఉంటున్న తెలుగువారందరికీ నమస్కారం. మేము మిడ్‌లాండ్స్‌లోని ఒక చిన్న పట్టణంలో ఉంటున్నాం. మావారు స్కిల్డ్ వర్కర్ వీసాపై పనిచేస్తున్నారు, నేను డిపెండెంట్ వీసాపై ఉన్నాను. బాబు వచ్చే సెప్టెంబరులో రిసెప్షన్ (బడిలో మొదటి) తరగతిలో చేరాలి, పాపకు ఇంకా ఏడాది నిండలేదు.

మా ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక చిల్డ్రన్స్ సెంటర్ ఉంది, అంటే పసిపిల్లలకు, వారి కుటుంబాలకు కౌన్సిల్ సేవలు అందే కేంద్రం. దాన్ని మూసివేసి, అక్కడి సేవలను పట్టణానికి అవతలి వైపున ఉన్న ఫ్యామిలీ హబ్‌లో (కుటుంబ సేవలన్నీ ఒకేచోట ఇచ్చే కేంద్రంలో) కలపాలని కౌన్సిల్ ప్రతిపాదించింది. ప్రస్తుతం దానిపై ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతోంది. ఆ సెంటర్‌లో జరిగే స్టే అండ్ ప్లే అనే తల్లీపిల్లల ఆటల సమావేశానికి నేను పాపను తీసుకువెళతాను. హెల్త్ విజిటర్, అంటే పసిపిల్లల ఎదుగుదల చూసే నర్సు, అక్కడే ఒక మూల బరువు తూచే యంత్రం పెట్టుకుని కూర్చుంటారు. బాబుకు మాటలు ఆలస్యంగా వస్తున్నాయన్న సంగతిని నేను మొదట చెప్పుకున్నది అపాయింట్‌మెంట్ తీసుకుని ఏ డాక్టరు దగ్గరా కాదు, పాపను తూకానికి ఉంచినప్పుడు పక్కన నిలబడి ఆమెతోనే. కొత్త హబ్‌కు వెళ్లాలంటే రెండు బస్సులు మారాలి. బస్సులో అప్పటికే రెండు పుష్‌చెయిర్లు ఉంటే డ్రైవరు తరువాతి బస్సుకు రమ్మంటారు. వర్షంలో, ఇద్దరు పిల్లలతో ఆ ప్రయాణం ఎలా ఉంటుందో వేరుగా చెప్పనక్కరలేదు.

మా వార్డు కౌన్సిలర్‌కు ఉత్తరం రాస్తే, ఈ విషయం తమ కౌన్సిల్ పరిధిలోకి రాదని మర్యాదగా జవాబిచ్చారు. అందుకని నాలుగు విషయాలు అడగాలనుకుంటున్నాను. అసలు ఎవరికి రాయాలి? రాస్తే ఆ కౌన్సిలర్ చేయగలిగేది ఏమైనా ఉంటుందా, లేక సానుభూతి తెలిపి ఊరుకుంటారా? బాబుకు దగ్గరలోని బడిలో సీటు విషయంలో కూడా వారి సహాయం అడగవచ్చా? చివరిది అడగడానికి కొంచెం సంకోచంగా ఉంది: వీసాపై ఉన్నవాళ్లం ఇలాంటి వాటిలో గొంతెత్తితే రేపు ఏమైనా ఇబ్బంది వస్తుందా?

జవాబు: సాలోచన

తొలకరి గారూ, నేను ఒక ప్రైమరీ స్కూలుకు గవర్నర్‌గా (పాలకమండలిలో) ఉన్నాను కాబట్టి బడుల వైపు నుంచి నాకు తెలిసినంత వరకు రాస్తాను. మిగిలినది తెలిసినవారు చెబుతారు.

మీకు వచ్చిన జవాబును బట్టి చూస్తే మీరు రాసినది డిస్ట్రిక్ట్ కౌన్సిలర్‌కు. ఇంగ్లండ్‌లో కొన్ని ప్రాంతాల్లో ఇప్పటికీ రెండు అంచెల పాలన ఉంది. చెత్త సేకరణ, ఇళ్ల నిర్మాణ అనుమతులు, సామాజిక గృహాల వంటివి డిస్ట్రిక్ట్ కౌన్సిల్ చూస్తుంది. విద్య, పిల్లల సంక్షేమం, రోడ్లు, గ్రంథాలయాలు కౌంటీ కౌన్సిల్ చేతిలో ఉంటాయి. లండన్ బరోలలోనూ, మెట్రోపాలిటన్ బరోలలోనూ, యూనిటరీ కౌన్సిళ్లలోనూ ఈ చిక్కు లేదు, అన్నీ ఒకే చోట ఉంటాయి. మీ పోస్ట్‌కోడ్‌ను కౌంటీ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో నమోదు చేస్తే మీ డివిజన్ (కౌంటీ నియోజకవర్గం) కౌన్సిలర్ పేరు, వారు ప్రజలను కలిసే రోజులు కనిపిస్తాయి. ఆ సమావేశాలను ఇక్కడ సర్జరీ అంటారు, భయపడకండి.

బడి సీటు విషయంలో మాత్రం ఆశలు పెట్టుకోవద్దని స్పష్టంగా చెప్పాలి. మన వైపు ఎమ్మెల్యే ఉత్తరం పట్టుకెళితే పని జరుగుతుందన్న అలవాటు చాలామందికి ఉంటుంది. ఇక్కడ ఆ ఉత్తరానికి విలువ లేదు, ఉండకూడదు కూడా. రిసెప్షన్ దరఖాస్తులకు గడువు జనవరి 15, ఫలితాలు వచ్చేది ఏప్రిల్ 16. సీటు ఎవరికి ఇవ్వాలన్నది ముందుగా ప్రచురించిన నిబంధనల ప్రకారం, అంటే తోబుట్టువులు ఆ బడిలో ఉన్నారా, ఇల్లు ఎంత దూరం వంటి లెక్కల మీద తేలుతుంది. సీటు రాకపోతే స్వతంత్ర అప్పీలు ప్యానెల్ ముందుకు వెళ్లవచ్చు, కానీ ఆ కౌన్సిల్ సభ్యులు ఆ ప్యానెల్‌లో కూర్చోవడాన్ని నిబంధనలే నిషేధిస్తాయి. పైగా రిసెప్షన్, ఇయర్ వన్, ఇయర్ టూ తరగతుల్లో ఒక టీచరుకు 30 మందికి మించి పిల్లలు ఉండరాదన్న చట్టపరమైన పరిమితి వల్ల, తరగతి నిండిన బడిలో ఆ వయసు పిల్లల అప్పీళ్లు నెగ్గడం చాలా కష్టం.

అలాగని కౌన్సిలర్‌కు బడులతో సంబంధమే లేదని కాదు. ప్రతి ప్రాంతంలోనూ పిల్లలకు సరిపడా సీట్లు ఉండేలా చూడటం కౌన్సిల్ చట్టబద్ధమైన బాధ్యత. కొత్త ఇళ్ల కాలనీకి అనుమతి ఇచ్చేటప్పుడు బడి సీట్ల కోసం బిల్డరు నుంచి ఎంత సొమ్ము రాబట్టారు, అది ఎక్కడ ఖర్చయింది అని అడగగలిగినవారు కౌన్సిలర్లే. బడి గేటు ముందు రోడ్డు దాటించే మనిషి, వేగ పరిమితి, ఉదయం బడివేళ కార్లను ఆపే స్కూల్ స్ట్రీట్ పథకం వంటి వాటిలో వారి మాటకు బరువు ఎక్కువ. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ఇచ్చే ఈహెచ్‌సీ ప్లాన్ 20 వారాల్లో పూర్తి కావాలన్నది నియమం. ఎన్నో చోట్ల అది దాటిపోతుంది. అటువంటప్పుడు కౌన్సిలర్ ఆ ఫైలులోని నిర్ణయాన్ని మార్చలేకపోయినా, ఫైలు ఎక్కడ ఆగిందో అధికారుల నుంచి జవాబు రాబట్టగలరు.

ఇంకొక తేడా గమనించాలి. కౌన్సిల్ ఆధ్వర్యంలో నడిచే మెయింటెయిన్డ్ బడుల గవర్నింగ్ బాడీలో కౌన్సిల్ ప్రతిపాదించిన సభ్యులు ఒకరు ఉంటారు. అకాడమీలకు (ట్రస్టులు నడిపే ప్రభుత్వ బడులకు) నిధులు నేరుగా కేంద్ర విద్యాశాఖ నుంచే వస్తాయి, కౌన్సిల్‌కు వాటి మీద అదుపు దాదాపు లేదు. మా బడి అకాడమీ ట్రస్టులో చేరాక కూడా తల్లిదండ్రులు పాత అలవాటుతో కౌన్సిలర్‌కే ఫిర్యాదులు రాస్తున్నారు. పాపం ఆయన ప్రతిదానికీ ట్రస్టు చిరునామా ఇచ్చి పంపుతుంటారు. ముందుగా మీ బడి ఏ రకమో తెలుసుకుంటే సగం శ్రమ తగ్గుతుంది.

జవాబు: ఉత్తరాది తెలుగు

నేను కాస్త నిరుత్సాహపరిచే మాటే చెబుతాను, క్షమించాలి. మా ప్రాంతంలో ఇదే తంతు జరిగింది. అభిప్రాయ సేకరణ జరిపారు, సంతకాలు సేకరించారు, కౌన్సిలర్ గారు సెంటర్ ముందు నిలబడి పిల్లలతో ఫొటో దిగారు, ఆ తరువాత సెంటర్‌కు తాళం పడింది.

అసలు నిర్ణయం జరిగేది స్థానికంగా కాదు. 1998లో లేబర్ ప్రభుత్వం చిన్నపిల్లల కుటుంబాలకు తోడ్పడే ష్యూర్ స్టార్ట్ పథకాన్ని ప్రకటించింది, 1999 నుంచి పేద ప్రాంతాల్లో కేంద్రాలు మొదలయ్యాయి, 2010 నాటికి దేశమంతటా దాదాపు 3,600 చిల్డ్రన్స్ సెంటర్లు ఉండేవి. ఆ తరువాత ప్రభుత్వం మారింది, ఈ సేవల కోసమే కేటాయించిన నిధులకు రక్షణ తొలగింది, కౌన్సిళ్లకు వచ్చే మొత్తం గ్రాంటు కూడా ఏటేటా తగ్గింది. వృద్ధుల సంరక్షణ, ఇళ్లలో రక్షణ లేని పిల్లల బాధ్యత వంటివి చట్టరీత్యా తప్పించుకోలేనివి కావడంతో, కోత పడ్డది ఇలాంటి ముందస్తు సేవలకే. 2023 సెప్టెంబరులో బర్మింగ్‌హామ్ వంటి మహానగర కౌన్సిలే ఖర్చుకు తగ్గ ఆదాయం లేదని తెలిపే సెక్షన్ 114 నోటీసు ఇచ్చి, అత్యవసరం కాని కొత్త ఖర్చులు ఆపేసింది. అటువంటప్పుడు ఒక వార్డు కౌన్సిలర్ ఏం మార్చగలరు? ఉత్తరం రాయవద్దని అనను, కానీ మీ సమయాన్ని ఎంపీ మీద పెడితే మేలని నా అభిప్రాయం.

జవాబు: వెనుకబెంచీ

నేను ఒక లండన్ బరోలో కౌన్సిలర్‌ను. ఏ పార్టీయో, ఏ బరోనో ఇక్కడ చెప్పను, ఎందుకంటే అది ఈ చర్చకు అవసరం లేదు. ఉత్తరాది గారు నిధుల గురించి చెప్పినదంతా నిజమే. కానీ దాని నుంచి ఆయన తీసిన ముగింపుతో నేను ఏకీభవించలేను. ఎంత డబ్బు ఉందన్నది పైనుంచి నిర్ణయమవుతుంది. ఉన్న డబ్బుతో ఏ తలుపు తెరిచి ఉంచాలి, ఏది మూయాలి అన్నది మాత్రం కౌన్సిల్ భవనంలోనే నిర్ణయమవుతుంది, అదీ చాలామంది అనుకునే రోజు కంటే ఎంతో ముందు.

మొదట అధికారం ఎక్కడుందో చెబుతాను. నాలాంటి సాధారణ సభ్యుడు ఏ సెంటర్‌నూ తెరవలేడు, మూయలేడు. చాలా కౌన్సిళ్లలో అటువంటి నిర్ణయం క్యాబినెట్, అంటే కౌన్సిల్ నాయకుడు, కొందరు కౌన్సిలర్లు ఉండే బృందం తీసుకుంటుంది. 2004 నాటి పిల్లల చట్టం ప్రకారం పిల్లల సేవలు చూసే ప్రతి కౌన్సిల్‌లోనూ వాటికి బాధ్యుడైన ఒక లీడ్ మెంబర్, ఒక డైరెక్టర్ ఉండి తీరాలి. బడ్జెట్‌ను మాత్రం మొత్తం సభ ఆమోదించాలి, కౌన్సిల్ ట్యాక్స్ లెక్కలు మార్చి 11 లోపు తేలాలి. అందువల్ల కోతల ప్రతిపాదనలు సాధారణంగా శరదృతువులో పుట్టి, చలికాలంలో ముదిరి, ఫిబ్రవరిలో ఓటుకు వస్తాయి. ఫిబ్రవరిలో బ్యానర్లు పట్టుకుని వచ్చే తల్లిదండ్రులను చూసినప్పుడల్లా చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారే అనిపిస్తుంది. మీరు అభిప్రాయ సేకరణ దశలోనే అడుగుతున్నారు, అది మంచి సంగతి.

ఆ దశలో మీ కౌన్సిలర్ చేతిలో ఉన్న పనిముట్టు ఒక్కటే: రికార్డులోకి ఎక్కే ప్రశ్న. చిల్డ్రన్స్ సెంటర్‌ను మూసే ముందు, లేదా దాని సేవల్లో గణనీయమైన మార్పు చేసే ముందు తప్పనిసరిగా ప్రజలను సంప్రదించాలని 2006 నాటి చైల్డ్‌కేర్ చట్టం చెబుతోంది. ఆ సంప్రదింపు నామమాత్రంగా ఉండరాదని కోర్టులు ఏనాడో స్పష్టం చేశాయి: ప్రతిపాదన ఇంకా రూపుదిద్దుకుంటున్న దశలోనే అడగాలి, ఆలోచించి జవాబిచ్చేందుకు తగినంత సమాచారం, సమయం ఇవ్వాలి, వచ్చిన జవాబులను మనసు పెట్టి పరిశీలించాలి. ముఖ్యమైన నిర్ణయాల నోటీసు 28 రోజుల ముందు, సమావేశ పత్రాలు అయిదు పూర్తి పనిదినాల ముందు ప్రజలకు అందుబాటులో ఉండాలి. ఈ నియమాలు తెలిసిన కౌన్సిలర్ క్యాబినెట్ నిర్ణయాలను పరిశీలించే స్క్రూటినీ కమిటీలో ఒక ప్రశ్న అడిగితే అధికారులు జవాబు చెప్పాలి. ఆ జవాబు బలహీనంగా ఉంటే, రేపు ఎవరైనా కోర్టుకు వెళ్లినప్పుడు అదే సాక్ష్యమవుతుందని వారికీ తెలుసు. క్యాబినెట్ నిర్ణయం తీసుకున్నాక కూడా, అమలుకు ముందు దాన్ని మళ్లీ పరిశీలనకు పిలిపించే కాల్ ఇన్ పద్ధతి ఉంది. దానికి తగినంత మంది సభ్యులు చేతులు కలపాలి, అందుకే మీ ఉత్తరం ఒక్కరికే కాక చుట్టుపక్కల వార్డుల వారికీ వెళ్లడం మంచిది.

ఇక ఆ ప్రశ్నకు సరుకు ఇవ్వాల్సినది మీరు. మా బరోలో ఇలాంటి ఒక విలీన ప్రతిపాదన వచ్చినప్పుడు, కుటుంబాలన్నీ కొత్త కేంద్రానికి అరగంటలోపే చేరుకోగలవని నివేదికలో రాశారు. మ్యాపులో అది నిజమే. ఒక తల్లి నాకు రాసిన ఈమెయిలులో కోపం లేదు, విన్నపం లేదు. తన ఇంటి గుమ్మం నుంచి ఉదయం తొమ్మిదింటికి పెద్దపిల్లను బడిలో దింపి, పసివాడితో ఏ నంబరు బస్సు ఎక్కితే ఎన్నింటికి చేరుతుందో, చేరేసరికి బేబీ క్లినిక్ ఎలా ముగింపుకొస్తుందో వరుసగా రాసింది, అంతే. నేను దాన్ని ఉన్నదున్నట్టు కమిటీలో చదివి, ఆ అరగంట ఏ గంటకు, ఏ వాహనంలో లెక్కించారని అడిగాను. ఆ లెక్క కారు ప్రయాణానిదని తేలింది. విలీనం ఆగలేదు. కానీ పాత భవనం పక్కనున్న గ్రంథాలయంలో వారానికి ఒకరోజు క్లినిక్, ఆటల గుంపు కొనసాగించేందుకు ఒప్పుకున్నారు. మీ బస్సు సంగతి, పుష్‌చెయిర్ల సంగతి చదివినప్పుడు నాకు ఆ ఈమెయిలే గుర్తొచ్చింది. హెల్త్ విజిటర్‌తో తూకం దగ్గర మాటల ఆలస్యం గురించి చెప్పుకున్నానన్నారే, ఆ ఒక్క వాక్యం చాలు. అపాయింట్‌మెంటు లేని ఆ రెండు నిమిషాలు కొత్త హబ్‌లో ఎక్కడ దొరుకుతాయని అడిగించండి.

ఉత్తరాది గారి వాదనకు ఇంకొక కోణం ఉంది. ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఫిస్కల్ స్టడీస్ వారు 2024లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, తొలినాళ్ల ష్యూర్ స్టార్ట్ కేంద్రాలకు దగ్గరగా పెరిగిన పిల్లలు పదహారేళ్ల వయసులో జీసీఎస్ఈ పరీక్షల్లో మెరుగైన ఫలితాలు సాధించారు, ఆ మేలు పేద కుటుంబాల పిల్లల్లో మరింత స్పష్టంగా కనిపించింది. అయితే ఆ మేలు 1999 నుంచి 2003 మధ్య మొదలైన కేంద్రాలకే పరిమితం. తక్కువ నిధులతో తరువాత తెరిచిన వాటిలో అంతటి ప్రభావం కనిపించలేదు. తొలి కేంద్రాలకు డబ్బు ఎక్కువ, ఇంటింటికీ వెళ్లి కుటుంబాలను కలుపుకొచ్చే పని ఎక్కువ, వాటి నడకలో స్థానికుల మాటకు చోటు ఎక్కువ. అందుకే నేను భవనాన్ని కాపాడండి అని కాక, ఇంటింటికీ వెళ్లే సిబ్బంది ఎంతమంది మిగులుతారు అని అడగడం మేలనుకుంటాను. ఈ మాట మా పార్టీలో కొందరికి నచ్చదు. భవనాన్ని కాపాడామంటే కరపత్రంలో వేసుకోవచ్చు, ఇద్దరు సిబ్బందిని కాపాడామంటే ఎవరూ చదవరు.

డబ్బు విషయానికొస్తే, ప్రస్తుతం గాలి కొంత అనుకూలంగానే ఉంది. 2022లో మొదలైన ఫ్యామిలీ హబ్ కార్యక్రమం 75 కౌన్సిళ్లకే పరిమితమైంది. 2025 జూలైలో ప్రభుత్వం బెస్ట్ స్టార్ట్ ఫ్యామిలీ హబ్‌లను ప్రకటించి, 50 కోట్ల పౌండ్లకు పైగా కేటాయించి, 2026 ఏప్రిల్ నుంచి అన్ని కౌన్సిళ్లకూ నిధులు ఇస్తామని, 2028 చివరికి హబ్‌ల సంఖ్యను వెయ్యి వరకు తీసుకెళతామని చెప్పింది. కాబట్టి ఆ సొమ్ములో మన వంతు వస్తున్నప్పుడు ఉన్న సెంటర్‌ను ఇప్పుడే ఎందుకు మూస్తున్నారన్నది మీ కౌన్సిలర్ అడగవలసిన రెండో ప్రశ్న.

తొలకరి

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. కౌంటీ కౌన్సిలర్ పేరు దొరికింది, వారు నెలలో మొదటి శనివారం గ్రంథాలయంలో కూర్చుంటారట. బస్సుల వేళలు రాసుకుంటున్నాను. వీసా గురించి నేను అడిగిన దానికి మాత్రం ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. మా వీధిలోని మరో రెండు తెలుగు కుటుంబాలు సంతకం పెట్టడానికి జంకుతున్నది కూడా ఆ ఒక్క కారణం వల్లనే.

జవాబు: నర్సరీ ఉద్యోగిని

ఆ భయం నేను పనిచేసే చోట రోజూ చూస్తుంటాను కాబట్టి జవాబు చెబుతాను. వీసా మీద రాసి ఉండే ప్రభుత్వ నిధులకు అర్హత లేదన్న షరతు, చట్టంలో జాబితాగా ఇచ్చిన కొన్ని భత్యాలకు, గృహ సహాయానికి వర్తిస్తుంది. చిల్డ్రన్స్ సెంటర్‌కు వెళ్లడం, హెల్త్ విజిటర్‌ను కలవడం, ప్రభుత్వ బడిలో పిల్లలను చేర్చడం ఆ జాబితాలో లేవు. కౌన్సిలర్‌కు ఉత్తరం రాయడం, పిటిషన్ మీద సంతకం చేయడం వీసా షరతులకు సంబంధించిన విషయాలే కావు.

నర్సరీ గంటల దగ్గర మాత్రం తేడా ఉంది. మూడు, నాలుగేళ్ల పిల్లలందరికీ వారానికి 15 గంటలు, ఏడాదికి 38 వారాలు ఉచితం. దానికి తల్లిదండ్రుల వీసాతో పనిలేదు. ఉద్యోగం చేసే తల్లిదండ్రులకు 2025 సెప్టెంబరు నుంచి తొమ్మిది నెలల వయసు మొదలుకొని ఇస్తున్న 30 గంటలకు మాత్రం, ఇద్దరిలో ఒక్కరికైనా ప్రభుత్వ నిధులకు అర్హత ఉండాలి. ఇద్దరూ వీసాపై ఉన్న మన కుటుంబాల్లో ఎక్కువ మందికి అది దక్కదు, కాబట్టి ఇంట్లో ఉండే తల్లులకు స్టే అండ్ ప్లే వంటివి ఇతరులకంటే ఎక్కువ అవసరం. ఈ మాట అభిప్రాయ సేకరణ పత్రంలో తప్పక రాయండి. మనలాంటి కుటుంబాలు ఈ సేవల మీద ఎంతగా ఆధారపడతాయో అధికారుల సమానత్వ నివేదికలో చాలాసార్లు కనిపించదు, ఎందుకంటే మనవాళ్లు ఫారాలు నింపరు.

మరొకటి. భారత పౌరులు కామన్‌వెల్త్ పౌరులు. 18 ఏళ్లు నిండి, చెల్లుబాటయ్యే వీసాతో ఇక్కడ నివసిస్తుంటే కౌన్సిల్ ఎన్నికల్లోనూ, పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటు వేయవచ్చు. ముందుగా ఓటరు జాబితాలో పేరు నమోదు చేసుకోవాలి, పోలింగ్ రోజున ఫొటో గుర్తింపు చూపాలి, దానికి భారత పాస్‌పోర్టు పనికొస్తుంది. అంటే మీ ఇంటి రెండు ఓట్లూ, వీధిలోని ఆ రెండు కుటుంబాల ఓట్లూ శనివారం మీరు కలవబోయే ఆ కౌన్సిలర్‌కు లెక్కలోకి వచ్చేవే.

అభిప్రాయ సేకరణ పత్రాన్ని ఆన్‌లైన్‌లోనే నింపాలని లేదు. కాగితం ప్రతులు ఇమ్మని సెంటర్ సిబ్బందిని అడగండి. ఉద్యోగులుగా మేము బహిరంగంగా ఏమీ అనలేం కానీ, అడిగినవారికి కాగితాలు ఇవ్వకుండా ఉండం. ఇంగ్లిషు రాని అత్తగార్లు, అమ్మలు పిల్లలను తీసుకొస్తుంటారు కదా, వారు తెలుగులో చెబితే మీరు పక్కన కూర్చుని ఇంగ్లిషులో రాసిపెట్టవచ్చు, కింద వారి పేరే ఉండాలి. గడువు తేదీ పత్రం మొదటి పేజీలోనే ఉంటుంది, ముందు అది చూడండి.